సంతలో మా డిక్కీ దుకాణం

పలాస నుంచి టెక్కలికి ఇల్లు మారుతున్నప్పుడు, మా ఇంట్లో ఎన్ని గోడ గడియారాలు ఉన్నాయో మొదటిసారి చూశాను. గోడకి వేలాడేది ఒకటే. మిగిలినవన్నీ అటక మీద అట్టపెట్టెల్లో ఉన్నాయి. కొన్నింటికి గిఫ్టు కాగితం కూడా విప్పలేదు. మా పెళ్ళికి వచ్చినవి, అమ్మాయి బారసాలకి వచ్చినవి, ఓణీల ఫంక్షన్‌కి వచ్చినవి. వాటి వెనక హాట్‌ప్యాకులు, జ్యూస్ గ్లాసుల సెట్లు, ఫ్లాస్కులు, మిక్సీ పోయినా మిగిలిపోయిన మిక్సీ జార్లు, ఇదివరకటి ఇంటి కిటికీలకి కొన్న కర్టెన్ రాడ్లు. అన్నీ దింపి హాల్లో పేర్చేసరికి నడవడానికి దారి లేకుండా పోయింది. వాటి మధ్యలో, ఏ పెట్టెలోనూ పట్టకుండా, మావారి ఎక్సర్‌సైజ్ సైకిల్.

సుగర్ వచ్చింది, వ్యాయామం చెయ్యండి అని డాక్టరు చెప్పిన వారంలోనే ఆయన విశాఖపట్నం వెళ్ళి దాన్ని కొనుక్కొచ్చారు. ఇంట్లోనే తొక్కుకోవచ్చు, ఎండా వానా బాధ ఉండదు అన్నారు. కొన్నాళ్ళు టీవీ ముందు పెట్టుకుని శ్రద్ధగా తొక్కారు. తర్వాత పొద్దుటి నడకే హాయిగా ఉందన్నారు. ఆ తర్వాత దాని హ్యాండిల్ మీద తువ్వాళ్ళు, సీటు మీద ఇస్త్రీకి వెళ్ళాల్సిన బట్టలు చేరాయి.

నాకు టెక్కలిలో ఒక కాలేజీ లైబ్రరీకి బదిలీ అయింది. అక్కడ దొరికిన ఇల్లు రెండు గదులది. మావారు పలాసలో జీడిపప్పు మిల్లులో లెక్కలు చూస్తారు, రోజూ బస్సులో వెళ్ళి వస్తానన్నారు. అమ్మాయి హాస్టల్లో ఉంది. ఇద్దరికి రెండు గదులు చాలు, కానీ ఈ సామానుకి చాలదు. పాత సామాన్ల అతన్ని పిలిచాం. అతను అంతా ఒకసారి కలియజూసి, ముందు సైకిల్‌నే కాటాకి తగిలించాడు.

"అదేంటి, ఇనుము తూచినట్టు తూస్తున్నావు?" అన్నాను.

"ఇనపదే కదమ్మా," అన్నాడతను, ఇంకేముంది అన్నట్టు.

నాకు మనసొప్పలేదు. అతన్ని పంపించేసి మా వదినకి ఫోన్ చేశాను. వదిన అంటే మావారి అక్క. కోటబొమ్మాళిలో ఉంటుంది. నైటీలు, లంగాలు, చిన్నపిల్లల గౌన్లు మూటకట్టుకుని చుట్టుపక్కల సంతలన్నీ తిరిగి అమ్ముతుంది.

"తూకానికి ఇచ్చీసినావేటి?" అంది ముందుగా.

"లేదు వదినా, ఇంకా ఇవ్వలేదు."

"ఇవ్వకు. మీ కారులో ఏసుకుని మా ఊరు సంతకి అట్టుకురా. నా పక్కన సోటుంది."

"మనం సంతలో కూర్చుని అమ్మడమేంటి వదినా?"

"ఏటి, నాను అమ్మట్నేదేటి?"

వస్తామని చెప్పాను.

మావారు మాత్రం రెండు రోజులు ఒప్పుకోలేదు. "తెలిసినోళ్ళెవరైనా చూస్తే ఏటనుకుంటారే? అప్పులపాలైపోయి ఇంట్లో సామాన్లమ్ముకుంటన్నారనుకోరా?"

"ఇల్లు మారుతున్నామని చెబుదాం."

"అడిగితే కదా చెప్పడానికి. అడగనోళ్ళ సంగతేటి?"

ఆయన భయం నాకు అర్థమైంది. అయితే నాకు ఆ భయం కంటే ఆసక్తి ఎక్కువగా ఉంది. మా అటక మీది వస్తువుల్ని ఎవరు కొంటారు, కొని ఏం చేస్తారు అన్నది నాకు తెలుసుకోవాలనిపించింది. లైబ్రరీలో ఎవరైనా పుస్తకం తీసుకెళ్తుంటే అది ఎందుకో మనసులో ఊహించుకోవడం నాకు అలవాటు. ఇదీ అలాంటిదే అనుకున్నాను.

వదిన ఫోన్లోనే పాఠం మొదలుపెట్టింది. అన్నీ కడిగి, తుడిచి, ఆరబెట్టి తెమ్మంది. దుమ్ముతో తెస్తే పారేసే సామాను అనుకుంటారట. గడియారాలకి సెల్లులు వేసి తిరుగుతుండగా తెమ్మంది. ఇస్త్రీపెట్టె లాంటివి ఉంటే, సంతలో టీ కొట్టతన్ని అడిగి ప్లగ్గులో పెట్టి చూపిస్తానంది. పాత దినపత్రికలు, చిరగని సంచులు తెచ్చుకోమంది. "గాజు గ్లాసులు కొన్నది సేతిలో అట్టుకెల్తదేటి? సుట్టి ఇవ్వాల. సంచీ నేకపోతే కొనకుండానే ఎల్లిపోద్ది," అంది. చిల్లర తప్పనిసరి అంది. ఫోన్‌తో కట్టేవాళ్ళు ఉంటారు గాని, అంత దూరం నడిచొచ్చి పాతనోటు తీసే ముసలమ్మలే ఎక్కువ ఉంటారంది.

ఆ సాయంత్రం గడియారాలన్నిటికీ సెల్లులు వేశాను. హాల్లో అన్నీ కలిసి టిక్‌టిక్‌మంటుంటే మావారు వచ్చి గుమ్మంలో నిలబడి నవ్వారు. ఆ నవ్వు చూశాక ఆయన వస్తారని నాకు నమ్మకం కుదిరింది.

సంత రోజు తెల్లవారకముందే బయలుదేరాం. మాది పాత వ్యాను లాంటి కారు. వెనక సీటు మడిచేస్తే సైకిల్ కూడా పట్టింది. వదిన అప్పటికే టార్పాలిన్ కట్టుకుని నైటీలు వేలాడదీస్తోంది. ఆమె చూపించిన చోట కారుని వెనక్కి తిప్పి నిలబెట్టాం. డిక్కీ తలుపు పైకెత్తామో లేదో, ఎక్కడి నుంచి వచ్చారో ఇద్దరు మనుషులు వచ్చి లోపలికి తలలు దూర్చారు. ఒకడి చేతిలో హాట్‌ప్యాకు, ఇంకొకడి చేతిలో గడియారం.

"మొత్తం కలిపి సెప్పీ అమ్మా, ఒక్క మాట. ఇప్పుడే తీసుకెల్లిపోతాం. నీకు ఎండలో కూకునే పని నేదు."

ఎండలో కూర్చునే పని ఉండదన్న మాట మావారికి నచ్చింది. ఆయన నా వైపు చూశారు. ఈలోగా వదిన నైటీలు వదిలేసి వచ్చింది.

"ముందు దింపనీ బావూ. దింపకముందే బేరవేటి?" అని వాళ్ళ చేతుల్లోవి తీసి లోపల పెట్టింది. వాళ్ళు నవ్వుతూ వెళ్ళిపోయారు. వాళ్ళు పాత సామాన్ల వ్యాపారులట. పొద్దున్నే కొత్తవాళ్ళ దగ్గర చవగ్గా కొని, అదే సంతలో ఇంకో మూల అమ్ముకుంటారట. "ఆలకి అమ్మొద్దని కాదు. సాయంత్రం మిగిలింది ఆలకే ఇద్దువు. ఇప్పుడెందుకు?" అంది వదిన.

ఆశీలు వసూలు చేసే అతను వచ్చి, సంతలో కూర్చున్నందుకు చీటీ చింపి ఇచ్చాడు. కారుకి ఎంత తీసుకోవాలో తెలియక కాసేపు ఆలోచించి, చివరికి కూరగాయల బుట్టకి తీసుకున్నంతే తీసుకున్నాడు.

ఆ తర్వాత చాలాసేపు మా దగ్గరకి ఎవరూ రాలేదు. జనం వస్తున్నారు, కారు వైపు చూస్తున్నారు, పక్క నుంచి వెళ్ళిపోతున్నారు. డిక్కీలో నేను ఎంతో అందంగా సర్దాను. గడియారాలు వరసగా, గ్లాసులు పెట్టెల్లో, సైకిల్ పక్కకి. ఒక ముసలాయన మాత్రం ఆగి, "ఇది ఏ కంపెనీ ఆఫరమ్మా?" అన్నాడు. కంపెనీ కాదు, మా ఇంట్లోవే అన్నాను. ఆయన నమ్మలేదు.

వదిన ఒక లంగా బేరం ముగించుకుని ఇటు చూసింది. "కిందకి దించీ మరదలా. ఎవులి కారులోకి ఎవులు సెయ్యి పెడతారు? దొంగతనం అనుకుంటారని బయ్యం."

నాకది తట్టనే లేదు. వెంటనే దుప్పటి పరిచి అన్నీ కింద పెట్టాం. పెద్దవి వెనక, చిన్నవి ముందు. స్పూన్లు, గరిటెలు, మూతలు, మిక్సీ జార్లు అన్నిటికంటే ముందు. చేత్తో తీసి తిప్పి చూడటానికి ఏదో ఒకటి ఉండాలని వదిన చెప్పింది. అలా దించామో లేదో ఒకామె గొంతుకిలా కూర్చుంది. ఆమె కూర్చోవడం చూసి ఇంకొకామె. చూస్తూ చూస్తూ ఉండగానే మా దుప్పటి చుట్టూ మనుషులు. ఒక మనిషి కూర్చున్న చోట ఏముందో చూడాలని ఇంకో మనిషికి అనిపిస్తుందన్నది నాకు ఆ పొద్దున తెలిసింది. అది నా జబ్బే గనక నాకు వాళ్ళంతా చుట్టాల్లా కనిపించారు.

మొదట అమ్ముడైంది మిక్సీ జారు మూత. జారు కాదు, మూతే. తర్వాత హాట్‌ప్యాకులు ఎంత వేగంగా పోయాయంటే, ఆఖరిదాన్ని ఇద్దరు చెరో పక్క పట్టుకున్నారు. గాజు గ్లాసులు మాత్రం అందరూ ఎత్తి చూసి, బాగున్నాయని, మళ్ళీ పెట్టేశారు. పగిలే వస్తువుని సంతలో కొని ఆటోలో ఇంటికి చేర్చడం ఎంత కష్టమో వాళ్ళకి తెలుసు.

ధర చెప్పడం నాకు చేతకాలేదు. మొదట ఎక్కువ చెప్పి, వెంటనే నాకే సిగ్గేసి తగ్గించేసేదాన్ని. వాళ్ళు అడగకుండానే. వదిన నా మోచెయ్యి గిల్లింది. "సెప్పు, సెప్పి ఊరుకో. ఆలు మాటాడేదాకా నివ్వు మాటాడకు." ఊరుకోవడం ఎంత కష్టమో. ఎదుటి మనిషి వస్తువుని తిప్పుతుంటే, ఆ మౌనంలో నా నోటికి ఏదో ఒకటి వచ్చేస్తుంది. మావారు నాకంటే నయం. మిల్లులో లెక్కలు చూసే మనిషి కదా, ఒక మాట చెప్పి ఎటో చూస్తూ నిలబడేవారు. కొనేవాళ్ళు ఆయన్ని చూసి గట్టి వ్యాపారి అనుకున్నారు. ఆయన చూస్తున్నది తెలిసినవాళ్ళెవరైనా వస్తున్నారేమోనని.

నిజం చెప్పడం మాత్రం నాకు కలిసొచ్చింది. ఒక ఫ్లాస్కు మూత బిగుసుకోదు, పక్కకి వంచితే కారుతుంది. అది ఎత్తిన అతనికి ముందే చెప్పేశాను. అతను పట్టించుకోలేదు.

"నీల్లు పొయ్యను లెమ్మా," అన్నాడు.

"మరి దేనికి?" అన్నాను.

అతను పడవ మీద వెళ్ళే మనిషి. బీడీలు, అగ్గిపెట్టె తడవకుండా దాచుకోవడానికట. నాకు ఎంత సంబరం వేసిందో! ఇంక అక్కడి నుంచి అందర్నీ అడగడం మొదలుపెట్టాను. కర్టెన్ రాడ్ ఎత్తిన ఒకాయన్ని, "దేనికండీ?" అన్నాను. ఆయన ముఖం ముడుచుకుంది. నా వైపు, రాడ్ వైపు, నా వైపు చూసి, దాన్ని కింద పెట్టి వెళ్ళిపోయాడు.

"ఏటి మరదలా, పోలీసోలాగ అలగ అడుగుతన్నావు?" అంది వదిన. "కొనే మనిసిని దేనికని అడక్కూడదు. డబ్బులు సేతిలో పడ్డాక అడుగు. అప్పుడు ఆలే సెప్తారు."

ఆ సంతలో వదిన నాకు చెప్పినవాటిలో అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చిన మాట అదే. కొన్నాక మనుషులు ఆనందంగా చెబుతారు. కంచిలి నుంచి వచ్చిన ఒక రైతు రాడ్లు రెండూ కొని, పనస చెట్టు మీద పైకొమ్మ కాయలు తట్టి చూసుకోవడానికి అన్నాడు. జీడిపిక్కలు ఒలిచే పనికి వెళ్ళే ఒకామె గడియారం కొంది. ఇంట్లో ఫోను మొగుడు పట్టుకుపోతాడట, టైము తెలియక షిఫ్టుకి ఆలస్యం అవుతోందట. మా పెళ్ళినాటి స్టీలు గిన్నె కొన్న ఇంకొకామె దాని అంచు మీద చెక్కిన పేరు చదివించుకుని, "ఈవిడెవులు?" అంది. నేనే అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "మంచిదే," అని గిన్నె సంచిలో వేసుకుంది.

మధ్యాహ్నం అయ్యేసరికి దుప్పటి మీద గ్లాసులు, రెండు గడియారాలు, సైకిల్ మిగిలాయి. సైకిల్ దగ్గరకి వచ్చినవాళ్ళకి లోటు లేదు. అందరూ వచ్చారు. కుర్రాళ్ళు ఎక్కి తొక్కి ఫొటోలు తీసుకున్నారు. ఒకాయన రెండో చక్రం ఎక్కడుందని కారు లోపలికి తొంగి చూశాడు. "ఎంత తొక్కినా ఇక్కడే ఉంటారా? మరి దేనికి?" అని ఇంకొకాయన అడిగితే మావారు ఒంట్లో కొవ్వు కరగడానికి అన్నారు. ఆయన తన బక్క పొట్ట తడుముకుని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ నవ్వుల గుంపుకి కాస్త వెనగ్గా ఒకామె నిలబడి ఉంది. యాభై దాటి ఉంటాయి. తలమీద ఖాళీ తట్ట, అందులో ఎండుచేపల వాసన. సరుకు అమ్మేసుకుని వెళ్తూ ఆగినట్టుంది. చాలాసేపు చూసి వెళ్ళిపోయింది. కాసేపటికి మళ్ళీ వచ్చింది. ఈసారి తట్ట కింద పెట్టింది.

"ఇది పడిపోద్దా?" అంది.

"పడదు అప్పా," అన్నాను, అక్కడివాళ్ళు అక్కని పిలిచినట్టు.

"ఎంత గట్టిగా తొక్కినా?"

"ఎంత తొక్కినా పడదు. కదలదు."

"మరి బాగుంది," అంది. మిగిలినవాళ్ళందరికీ తప్పుగా తోచింది ఆమెకి బాగున్నట్టు తోచింది. నా నాలిక చివరికి ప్రశ్న వచ్చింది. వదిన నైటీల వెనక నుంచి నన్నే చూస్తోంది. నోరు మూసుకున్నాను.

ఆమె చీర కుచ్చెళ్ళు దోపుకుని ఎక్కి కూర్చుంది. మొదట పాదాలు జారిపోయాయి. తర్వాత కుదిరాయి. చక్రం గిర్రుమని తిరిగింది. హ్యాండిల్ మధ్యలో ఉన్న చిన్న అద్దంలో అంకెలు పెరుగుతుంటే, "ఇదేటి?" అంది. మీరు తొక్కిన దూరం అన్నాను. ఇంకాసేపు తొక్కింది. ఎదురుగా ఉన్న నైటీల వైపు, ఎక్కడికో వెళ్తున్న మనిషిలా తిన్నగా చూస్తూ తొక్కింది.

బేరం మావారు చేశారు. ఆమె ఆయనకంటే గట్టిది. ఆయన మౌనంగా ఉంటే ఆమె కూడా మౌనంగా ఉంది. చివరికి కుదిరిన ధరకి తోడు, మిగిలిపోయిన ఎండు నెత్తళ్ళు ఒక పొట్లం కట్టి నా చేతిలో పెట్టింది. ఆమెతో వచ్చిన ఆడవాళ్ళు ఆటో పైకి సైకిల్ ఎత్తించి తాళ్ళతో కట్టారు. డబ్బు చేతిలో పడింది కదా అని అప్పుడు అడిగాను.

"దేనికప్పా ఇది?"

ఆమె ఆటోలో సర్దుకుని కూర్చుంటూ నవ్వింది. "ఇప్పుడు సెప్పను. ఉద్దానంలో సముద్రం ఒడ్డున మా ఊరు. వొచ్చి సూడు." ఊరి పేరు చెప్పింది, వజ్రపుకొత్తూరు దాటాక ఎక్కడ తిరగాలో కూడా చెప్పింది. ఆటో వెళ్ళిపోయింది.

సాయంత్రం పాత సామాన్ల ఇద్దరూ మళ్ళీ వచ్చారు. గ్లాసులు, గడియారాలు కలిపి వాళ్ళకే ఇచ్చేశాం. ఇంటికి తిరిగి ఒక్క వస్తువు కూడా తీసుకెళ్ళొద్దని వదిన పట్టుబట్టింది. తీసుకెళ్తే అది మళ్ళీ అటకెక్కుతుందట. దుప్పటి దులిపి మడుస్తుంటే మావారు అన్నారు, "పొద్దుట్నుంచి తెలిసినోళ్ళు నలుగురైదుగురు కనిపించారు. అందరూ ఏదో ఒకటి కొన్నారు."

ఆ తర్వాత ఇల్లు మారాం, కొత్త లైబ్రరీలో చేరాను, పనిలో పడ్డాను. అయినా ఆ సైకిల్ మనసులోంచి పోలేదు. ఆమె దాన్ని ఏం చేస్తుంది? వలకి తాడు చుట్టడానికా? కొబ్బరి పీచు పేనడానికా? లేక ఆమెకీ ఏ డాక్టరైనా చెప్పాడా? అన్నం తింటూ నేను ఒక కారణం చెబితే మావారు ఇంకొకటి చెప్పేవారు. ఒక ఆదివారం ఆయన కారు లోపల తుడుస్తుంటే సీటు కింద ఒక మర దొరికింది. సైకిల్ సీటు ఎత్తుని బిగించేది. అది లేకపోతే సీటు జారిపోతూ ఉంటుంది.

"పాపం, ఇచ్చేసి రావాలి," అన్నారాయన.

"ఇప్పుడే వెళ్దాం," అన్నాను. చీర మార్చుకోవడానికి అప్పటికే లేచాను.

పూండి మీదుగా వెళ్ళాం. జీడితోటలు, ఆ తర్వాత కొబ్బరితోటలు, వాటి మధ్య ఇసుక కలిసిన సన్నటి రోడ్డు. ఊళ్ళోకి వెళ్ళి సైకిల్ కొన్న మనిషి ఇల్లెక్కడని అడగాల్సి వచ్చింది గాని, జవాబుకి ఆగాల్సిన పని లేకపోయింది. ఇద్దరు ముగ్గురు ఒకేసారి చెయ్యి చూపించారు. ఇంటి అరుగు మీద సైకిల్ ఉంది. దాని మీద ఒక ముసలమ్మ తొక్కుతోంది. ఆమె వెనక ఇంకో ఇద్దరు తమ వంతు కోసం కూర్చున్నారు. సీటు కింద కొబ్బరిడొక్క ముక్క పెట్టి తాడుతో కట్టారు.

సైకిల్ కొన్నావిడ లోపల్నుంచి వచ్చి నన్ను చూసింది. "వొచ్చినావా సెల్లీ!" అంది, ఎప్పటి నుంచో ఎదురుచూస్తున్నట్టు. మర ఇచ్చాను. అది తీసుకుని పక్కన పెట్టేసి, నన్ను ఇంటి వెనక్కి తీసుకెళ్ళింది. అక్కడ గోడకి ఆనించి ఒక మామూలు సైకిల్ ఉంది. ఆడపిల్లల సైకిల్, ముందు బుట్ట ఉన్నది. కూతురికి బడిలో ఇచ్చారట. కూతురు పెళ్ళై వెళ్ళిపోయాక అలాగే ఉండిపోయిందట.

"ఇది నేర్సుకోడానికి," అంది. "సిన్నప్పుడు మా అన్నదమ్ములు తొక్కీవోలు. నాను ముట్టుకుంటే మాయమ్మ కొట్టీది. ఇప్పుడు కొట్టేదెవులు? గాని పడితే సెయ్యిరిగిపోద్దని బయ్యం. నీ సైకిలు పడదన్నావు కదా. ముందు కాళ్ళకి తెలిస్తే మిగతాది అదే వొత్తదనుకున్నాను."

"వచ్చిందా?"

మోచేతి మీద మానుతున్న గీత చూపించింది. "కాళ్ళకొచ్చింది. సేతులకి రానేదు."

గుమ్మం పక్కన వల బాగుచేసుకుంటున్న ఆమె భర్త తల ఎత్తకుండానే అన్నాడు, "సెప్పినాను. వింటదేటి? ఆ అరుగు మీద సైకిలు అలల్నేని సముద్రం. అందులో ఎంత ఈదినా ఏటి లాబం?"

"నివ్వు నేర్పు మరి," అంది ఆమె.

"నాకు రాదు," అన్నాడు. అందరం నవ్వాం. ఆయన కూడా.

నాకు వచ్చు. చదువుకునే రోజుల్లో కాలేజీకి సైకిల్ మీదే వెళ్ళేదాన్ని. ఆమె అడగకముందే చెప్పేశాను. సముద్రం వెనక్కి తగ్గిన వేళ అలల పక్కన ఇసుక గట్టిగా ఉంటుందని, పడినా దెబ్బ తగలదని ఆమే అక్కడికి తీసుకెళ్ళింది. మా వెనక అరుగు మీది ఆడవాళ్ళు, ముసలమ్మతో సహా. నేను వెనక క్యారేజీ పట్టుకున్నాను. ఆమె తొక్కుతుంటే పరిగెత్తాను. ఆమె కాళ్ళు నిజంగానే బాగా నేర్చుకున్నాయి, అంత బలంగా తొక్కుతుంటే నేను అందుకోలేకపోయాను. కాని కళ్ళు చక్రం మీదే ఉన్నాయి. "కిందకి చూడకప్పా, దూరం చూడు!" అని అరిచాను. చూసింది. కాస్త దూరం తిన్నగా వెళ్ళింది. మలుపు తిప్పబోయి నీళ్ళలో పడింది. లేచి, తడిసిన చీర పిండుకుంటూ, నాకంటే ఎక్కువగా నవ్వింది.

మావారు కూడా బూట్లు విప్పి దిగారు. నేను అలిసిపోతే ఆయన పట్టుకున్నారు. డాక్టరు చెప్పిన దానికంటే ఆ రోజు ఎక్కువే పరిగెత్తి ఉంటారు.

ఆ తర్వాత ఇంకొన్ని ఆదివారాలు వెళ్ళాం. వెళ్ళిన ప్రతిసారీ ఆమె కాస్త ముందుకి వచ్చి ఉండేది. తిన్నగా వెళ్ళడం వచ్చింది. దిగడం వచ్చింది. మలుపు మాత్రం ఒక పక్కకే వచ్చింది. ఎడమకి తిరగగలదు, కుడికి తిరగలేదు. అందుకని మంచినీళ్ళ క్యాను తెచ్చుకోవడానికి, ఎదురుగా ఉన్న నీళ్ళ ప్లాంటుకి ఊరంతా ఎడమవైపుగా చుట్టి వెళ్ళేది. మా సైకిల్ మీద అరుగు ఆడవాళ్ళు తొక్కుతూనే ఉన్నారు. అందులో ఎవరైనా రెండోదాని మీదకి వస్తారేమోనని నేను అడిగితే, ఒకరినొకరు చూసుకుని, తర్వాత వంతు ఎవరిదని మాట మార్చారు.

వానలు మొదలయ్యాక వెళ్ళడం కుదరలేదు. ఒక సంత రోజు సెలవు దొరికితే వదినని చూడటానికి కోటబొమ్మాళి వెళ్ళాను. ఎండుచేపల వరసలో సైకిల్ కొన్నావిడ కనిపించింది. నన్ను చూడగానే తట్ట పక్కకి జరిపి చోటిచ్చింది.

"మా సెల్లి ఊరెల్లినాను సైకిలు మీద," అంది.

ఆ చెల్లెలి ఊరు తీరం వెంబడి రెండు ఊళ్ళ అవతల. ఎప్పుడూ ఆటోలోనో, ఎవరో ఒకరి బండి వెనక కూర్చునో వెళ్ళేదట. ఆ రోజు ఎవరికీ చెప్పకుండా పొద్దున్నే బయలుదేరింది. చెల్లెలు వాకిట్లో చేపలు ఆరబెడుతోంది. సైకిల్ గోడకి ఆనించి వెళ్ళి పక్కన నిలబడితే, "వొచ్చినావా అప్పా, ఎవులు దింపినారే?" అని వీధిలోకి చూసిందట.

"ఎవులూ నేరు. నానే వొచ్చినాను అన్నాను. నమ్మదే! ఈది సివరిదాకా ఎల్లి సూసొచ్చింది, బండోడు ఎక్కడైనా దాక్కున్నాడేమోనని. మల్లీ వొచ్చి సైకిలు సీటు ముట్టుకుంది, ఎచ్చగా ఉందో నేదో అని."

"తర్వాత నమ్మిందా?"

"తొక్కి సూపించినాను. ఆల ఇంటి సుట్టూ. నోటి మీద సెయ్యేసుకుని నిలబడిపోయింది. దానికీ నేర్పమంటంది ఇప్పుడు."

ఆమె ముందున్న ఎండుచేపల మీద ఈగలు తోలుతూ మాట్లాడుతోంది. కొనడానికి వచ్చినావిడ చేప ఎత్తి వాసన చూస్తోంది. నేను ఆగలేక అడిగాను. "మరి తిరిగి ఎలా వచ్చావప్పా? కుడికి తిరగాలి కదా?"

"కుడికి తిరిగినాను. రోడ్డు మీద ఎవులూ నేకుండా సూసి," అంది. తర్వాత కొంచెం గొంతు తగ్గించి, "గాని గాలి ఎదురొచ్చింది. ఎంత తొక్కినా ముందుకెల్లదు. సగం దూరం తోసుకుంటా వొచ్చినాను," అని, చేప వాసన చూస్తున్నావిడ వైపు తిరిగి ధర చెప్పి ఊరుకుంది.